పాటకు పద్దు

భక్తిగీతం పుట్టడానికి ఒక ఆర్ద్రహృదయం చాలు. కాని ఆ గీతం కాగితం మీదికి ఎక్కి, ఊరూరి గాయకుల చేతికంది, రాసినవారికి కూడు పెట్టాలంటే వేరొక నేర్పు కావాలి. అమెరికా నల్లజాతీయుల క్రైస్తవ భక్తిసంగీతాన్ని ‘గాస్పెల్’ అంటారు. ఆ సంగీతానికి అటువంటి నేర్పును సమకూర్చిన మహిళ శాలీ మార్టిన్.

ఆమె 1895 నవంబరు 20న జార్జియా రాష్ట్రంలోని పిట్‌ఫీల్డ్‌లో జన్మించింది. ఎనిమిదో తరగతితోనే చదువు ముగిసింది. అట్లాంటా నగరానికి చేరి ఇళ్లలో పాచిపనులు చేస్తూ, పసిపిల్లలను ఆడిస్తూ, బట్టలు ఉతుకుతూ పొట్ట పోసుకొంది. దక్షిణాది రాష్ట్రాలలోని జాతివివక్షను భరించలేక, బతుకుతెరువు వెదుక్కొంటూ లక్షలాది నల్లజాతీయులు ఉత్తరాది నగరాలకు తరలిపోయిన కాలమది. ఆ ప్రవాహంలోనే ఆమె కూడా 1920ల చివరికి చికాగో చేరింది.

థామస్ డార్సీ అనే స్వరకర్త అప్పటికి ఆ నగరంలోనే ఉన్నాడు. ఒకప్పుడు ‘బ్లూస్’ అనే లౌకిక గీతాలకు పియానో వాయించిన ఆయన క్రమంగా భక్తిగీతాల వైపు మళ్లాడు. ఆ గీతాలలో లౌకిక సంగీతపు ఛాయలున్నాయని పలు చర్చిల పెద్దలు మొదట వాటిని ఆదరించలేదు. 1932లో మార్టిన్ డార్సీ బృందంలో చేరింది. ఆమెకు స్వరలిపి చదవడం రాదు. గొంతులో నునుపు లేదు. అందుచేత ఆమెతో ఒంటరిగా పాడించడానికి డార్సీ తొలుత వెనుకాడాడు.

అయితే ఆయన పట్టించుకోని విషయం ఒకటి ఆమె కంటబడింది. ముద్రించిన పాటల ప్రతులు అమ్ముడవుతున్నాయి. వచ్చిన సొమ్ముకు మాత్రం సరైన లెక్కాపత్రం లేదు. మార్టిన్ ఆ పద్దులను చక్కబెట్టింది. ఊరూరా తిరిగి, చర్చిలలో పాడి వినిపించి, గాయక బృందాలను ఏర్పరచింది. బృందంలో పాడేవారికి ప్రతులు కావాలి కనుక, కొత్త బృందం ఏర్పడిన ప్రతిచోటా పాటకు కొత్త గిరాకీ పుట్టింది. కొద్ది నెలలలోనే వ్యాపారం లాభాల బాట పట్టింది.

ఇంత శ్రమించినా తనకు దక్కవలసిన గుర్తింపు దక్కలేదని ఆమె భావించింది. 1940లో డార్సీ సంస్థను వీడి, యువ స్వరకర్త కెనెత్ మోరిస్‌తో కలిసి ‘మార్టిన్ అండ్ మోరిస్’ ప్రచురణ సంస్థను స్థాపించింది. చికాగోకు చెందిన మతబోధకుడు క్లారెన్స్ కాబ్స్ దానికి పెట్టుబడి సమకూర్చాడు. మోరిస్ స్వరపరచేవాడు, మార్టిన్ ఊరూరా పాడి ప్రచారం చేసేది. నోటిమాటగా వ్యాపించిన ‘జస్ట్ ఎ క్లోజర్ వాక్ విత్ దీ’ అనే పాటను మోరిస్ స్వరపరచి అదే ఏట ముద్రించగా, అది దేశమంతటా మారుమోగింది. ఇతర స్వరకర్తల రచనలనూ ప్రచురించిన ఆ సంస్థ, నల్లజాతీయుల యాజమాన్యంలోని గాస్పెల్ ప్రచురణ సంస్థలలో అగ్రగామిగా నిలిచింది.

దైవాన్ని కీర్తించే పాటకు వెల కట్టవచ్చునా అనే సందేహం సహజమే. భక్తికి వెల లేదన్నది నిజం. కాని కాగితానికీ, అచ్చుకూలికీ, దూరప్రయాణానికీ, స్వరకర్త శ్రమకూ వెల ఉన్నది. ఆ వెలను ఎవరూ అడగకపోతే, పాట లోకమంతా తిరుగుతుంది. పాట కట్టినవాడు పస్తుంటాడు. ఒక జాతి తన శ్రమకు తగిన కూలికే నోచుకోని దేశంలో, ఆ జాతి గుండెలోంచి వచ్చిన పాటకు న్యాయమైన ధర అడగడం దురాశ కాదు, ఆత్మగౌరవం.

మార్టిన్ 1970ల ఆరంభంలో తన వాటాను మోరిస్‌కు విక్రయించింది. 1988 జూన్ 18న చికాగోలో కన్నుమూసింది. సంస్థ 1993లో మూతపడింది. దాని పాటల ప్రతులతోపాటు వ్యాపారపత్రాలను కూడా వాషింగ్టన్‌లోని అమెరికా చరిత్ర జాతీయ మ్యూజియం భద్రపరచింది. ఆ పాటలు నిలవడంలో స్వరలిపికి ఎంత పాలున్నదో, స్వరలిపి చదవలేని ఆ మహిళ రాసిన పద్దుకూ అంత పాలున్నది.