ఐసు మీద మొదటి పాఠం: పడటం



మా పాప ఈ స్కూల్లో ఐదో తరగతి చదువుతోంది. రెండేళ్ళ క్రితం వరకూ మేము కెనడాలో, టొరంటో పక్కనే ఉన్న మిస్సిసాగాలో ఉండేవాళ్ళం. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో మాటల మధ్య పాప అక్కడ ఐస్ హాకీ ఆడేదని చెప్పాను. పక్కన కూర్చున్నవాళ్ళు ఒకటే ప్రశ్నలు. "అంత చిన్నపిల్లల్ని ఐసు మీదకి ఎలా పంపారండీ?" "దెబ్బలు తగలవా?" "మా తమ్ముడి పిల్లలు అక్కడే ఉన్నారు, చేర్పించమని చెప్పమంటారా?" వీటికి తీరిగ్గా జవాబులు రాసివ్వమని క్లాస్ టీచర్ అడిగారు. రాయడం మొదలుపెట్టాక తెలిసింది, పాప గురించి ఎంత చెప్పాలో నా గురించీ అంత చెప్పాలని. మీ ఇంట్లో కూడా ఆటలాడే వయసు పిల్లలుంటే, నేను చేసిన పొరపాటు మీకు పనికొస్తుంది.

మొదటి క్లాసు

పాపకి నాలుగేళ్ళు నిండిన శీతాకాలంలో దగ్గర్లోని కమ్యూనిటీ సెంటర్‌లో స్కేటింగ్ క్లాసుకి పేరు రాయించాం. అక్కడ నవంబర్ నుంచి మార్చి దాకా చలే. పిల్లల్ని ఇంట్లోనే ఉంచితే టీవీకి అతుక్కుపోతారు. పైగా ప్లే స్కూల్లో పాప స్నేహితులందరూ ఐసు మీద తిరిగేవాళ్ళే. ఆ సమయంలో మా అత్తగారు మా దగ్గరే ఉన్నారు. సంగతి వినగానే, "డబ్బులు కట్టి మరీ కాళ్ళు విరగ్గొట్టుకోవాలా అల్లుడుగారూ?" అన్నారు. నేను నవ్వేశాను కానీ, నా మనసులో ఉన్న భయం కూడా అదే.

మొదటి రోజు టీచరమ్మ పిల్లలకి స్కేటింగ్ నేర్పలేదు. అందర్నీ కావాలనే కింద పడమంది. మోకాళ్ళు వంచి, పక్కకి ఒరిగి, మెల్లగా కూర్చున్నట్టు పడాలి. చేతులు చాచి ఆనకూడదు, వేళ్ళు పిడికిలిలోకి ముడుచుకోవాలి. పక్కన వెళ్ళేవాళ్ళ బ్లేడు వేళ్ళ మీదకి రాకుండా అన్నమాట. ఆ తర్వాత లేవడం. ముందు మోకాళ్ళ మీదకి రావాలి. ఒక పాదం ఐసు మీద ఆనించాలి. రెండు చేతులూ ఆ మోకాలి మీద పెట్టి, నొక్కిపట్టి లేవాలి. అరగంట క్లాసులో ఇరవై నిమిషాలు ఇదే పని. గాజు గోడ ఇవతల నిలబడి చూస్తున్న నాకు చిరాకేసింది. ఇంత ఫీజు కట్టింది పడటం నేర్పించడానికా?

శాలువా చెవుల మీదుగా కప్పుకుని మా అత్తగారు కూడా చూస్తున్నారు. పాప పడిన ప్రతిసారీ "అయ్యో తల్లీ" అనుకున్నారు. నాలుగోసారో ఐదోసారో పాప తనంతట తనే లేచి, మావైపు చూసి చేయి ఊపింది. అప్పుడు ఆవిడ అన్నారు: "పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాదంటారు. ఈ టీచరమ్మకి ఆ సామెత ఎవరు చెప్పారో!"

తర్వాతి వారాల్లో ఒక్కొక్కటీ వచ్చింది. ముందు పెంగ్విన్‌లా చిన్న చిన్న అడుగులు. తర్వాత రెండు అడుగులు వేసి జారడం. ఆ తర్వాత ఆగడం. ఆగడానికి మడమలు బయటికి, కాలి వేళ్ళు లోపలికి పెట్టి ఐసుని గీకుతారు. తెల్లటి పొడి లేచి బండి ఆగుతుంది. ఆ పొడి చూడటం కోసమే మా పాప పదేపదే ఆగేది. టీచరమ్మ రంగు మార్కర్‌తో ఐసు మీద నవ్వే ముఖాలు గీసి, "వాటిని చెరిపేయండి" అనేది. పిల్లలు ఆటనుకుని చెరిపేవాళ్ళు. ఆ చెరపడమే బ్రేకు వేయడం నేర్చుకోవడం.

చేర్పించేవాళ్ళకి నాలుగు మాటలు

కెనడాలోనో అమెరికాలోనో ఉన్న మీవాళ్ళు అడిగితే ఇవి చెప్పండి. స్కేట్లు "రేపు పెరుగుతాడులే" అని పెద్ద సైజు కొనకూడదు. సాధారణంగా చెప్పుల సైజు కన్నా ఒకటి తగ్గించి తీసుకుంటారు. లోపల ఒకే ఒక్క పల్చటి సాక్సు. మందపాటివి రెండు తొడిగితే పాదం లోపల కదులుతుంది, చీలమండ పక్కకి వాలిపోతుంది. మేము మొదటి నెల చేసిన తప్పు ఇదే. పాపకి స్కేటింగ్ రావడం లేదనుకున్నాం, తీరా చూస్తే సాక్సులు ఎక్కువయ్యాయి. సైకిల్ హెల్మెట్ కాదు, ముఖానికి జాలీ ఉన్న హాకీ హెల్మెట్ మంచిది. మొదట్లో స్కేట్లు అద్దెకి తీసుకోండి. హాకీ సామాను సెకండ్ హ్యాండ్‌లో బాగా దొరుకుతుంది, పిల్లలు పెరిగిపోతారు కాబట్టి చాలావరకు కొత్తవాటిలాగే ఉంటాయి.

ఆరేళ్ళకి పాప హాకీలో చేరింది. తయారు చేయడానికే ఇరవై నిమిషాలు పట్టేది. మోకాళ్ళకి, మోచేతులకి, భుజాలకి ప్యాడ్లు, మెడకి గార్డు, దళసరి నిక్కరు, గ్లవ్స్, హెల్మెట్. అన్నీ తొడిగాక "నాన్నా, బాత్రూమ్" అనేది. ముందే అడగాలని నేర్చుకోవడానికి నాకు ఒక సీజన్ పట్టింది.

దెబ్బల గురించి అడిగారు కదా. అంత చిన్నపిల్లల ఆటలో ఒకరినొకరు ఒంటితో ఢీకొట్టడం ఉండదు. అమ్మాయిల హాకీలో ఏ వయసులోనూ దాన్ని అనుమతించరు. ఆరేడేళ్ళ పిల్లలకి 200 అడుగుల రింక్ మొత్తం ఇవ్వరు. మధ్యలో అడ్డు పెట్టి, ఇటు ఒక మ్యాచ్, అటు ఒక మ్యాచ్ ఆడిస్తారు. స్థలం చిన్నదైతే ప్రతి పిల్లకీ పక్ అందుతుంది. ఆ పక్ కూడా వేరే. పెద్దవాళ్ళు ఆడే నల్ల పక్ సుమారు 170 గ్రాములు ఉంటే, చిన్నపిల్లలది నీలం రంగులో సుమారు 110 గ్రాములే. నిమిషం, నిమిషంన్నరకి బజర్ మోగుతుంది. మోగగానే ఆడుతున్నవాళ్ళు బయటికి, కూర్చున్నవాళ్ళు లోపలికి. బాగా ఆడినా ఆడకపోయినా అందరికీ ఒకే సమయం. గోల్స్ ఎవరూ బోర్డు మీద వేయరు.

గోల్స్ లెక్కపెట్టేవాళ్ళు మాత్రం గాజు గోడ ఇవతల ఉంటారు. తల్లిదండ్రులు!

నేను చేసిన పొరపాటు

మేముండే చోటికి గంట ప్రయాణంలో బ్రాంట్‌ఫర్డ్ అనే ఊరుంది. ప్రపంచ ప్రఖ్యాత హాకీ ఆటగాడు వేన్ గ్రెట్‌స్కీ సొంత ఊరు. వాళ్ళ నాన్న వాల్టర్ పెరట్లో నీళ్ళు పోసి, గడ్డకట్టించి, కొడుకు కోసం రింక్ తయారు చేశాడు. ఈ కథ అక్కడ ప్రతి హాకీ తండ్రికీ తెలుసు. విన్న ప్రతి తండ్రీ పెరడు వైపొకసారి, పిల్లల వైపొకసారి చూసుకుంటాడు. నేనూ చూశాను.

పాప ఆడిన చోట ఒక నియమం ఉండేది. పిల్లల్ని చేర్పించాలంటే ఇంట్లో ఒకరు ఆన్‌లైన్‌లో ఒక కోర్సు పూర్తి చేయాలి. ఆట దగ్గర తల్లిదండ్రులు ఎలా ఉండాలన్నదే అందులో పాఠం. నేను దాన్ని ఆఫీసు పని చేసుకుంటూ, సౌండ్ తీసేసి, క్లిక్ మీద క్లిక్ కొట్టి పూర్తి చేశాను. సర్టిఫికెట్ వచ్చింది. చదువు రాలేదు.

జనవరిలో ఒక శనివారం. పొద్దున్న ఏడింటికి మ్యాచ్, బయట మైనస్ పద్దెనిమిది డిగ్రీలు. పక్ సరిగ్గా మా పాప ముందుకొచ్చింది, ఎదురుగా గోల్ ఖాళీ. నేను గాజుని అరచేత్తో బాదుతూ తెలుగులో అరిచాను: "కొట్టూ! కొట్టమ్మా! ఏం చూస్తున్నావ్?" పాప పక్‌ని వదిలేసి నావైపు తిరిగింది. తిరిగేసరికి అదుపు తప్పి పడింది. పక్ ఇంకెవరో తీసుకుపోయారు. ప్రతిసారీ పడగానే లేచే పిల్ల, ఆ రోజు లేవలేదు. మోకాళ్ళ మీద కూర్చుని నన్నే చూస్తూ ఉండిపోయింది. కోచ్ వచ్చి, వంగి ఏదో చెప్పాక లేచింది.

కారులో నేను ఆపలేదు. "అంత దగ్గర్నుంచి కొట్టలేకపోయావేం?" అన్నాను. ఒక సిగ్నల్ దాటింది, రెండోది దాటింది. వెనక సీట్లోంచి చిన్న గొంతు వచ్చింది. "నాన్నా, నువ్వు అరిస్తే నాకు కోచ్ మాట వినిపించదు. వచ్చే వారం అమ్మ వస్తే చాలు."

నేను ఏమీ అనలేకపోయాను. ఇంటికెళ్ళాక గ్యారేజీలో కారులోనే కాసేపు కూర్చున్నాను. చిన్నప్పుడు మా ఊళ్ళో అద్దె సైకిల్ మీద నేర్చుకున్న రోజులు గుర్తొచ్చాయి. సీటు అందక, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కేవాణ్ణి. ఎన్నిసార్లు పడ్డానో లెక్క లేదు. ఆ పడటాలు మా నాన్న చూడలేదు. అందుకే నాకు సిగ్గు తెలియలేదు. నా కూతురు పడిన ప్రతిసారీ ఇద్దరు పెద్దవాళ్ళు చూస్తున్నారు, ఒకరు మార్కులు కూడా వేస్తున్నారు.

నేను కూడా పడ్డాను

తర్వాతి రెండు వారాలు నేను వెళ్ళలేదు. ఆ కోర్సు మళ్ళీ తెరిచి, ఈసారి సౌండ్ పెట్టి చూశాను. తర్వాత ఒక ఆదివారం పబ్లిక్ స్కేటింగ్ సమయంలో నేను స్కేట్లు అద్దెకి తీసుకున్నాను. నాకప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. రెండో అడుగుకే వెల్లకిలా పడ్డాను. లేవబోతే జారుతున్నాను. చుట్టూ నాలుగేళ్ళ పిల్లలు రయ్యిమని తిరుగుతున్నారు. ఎవరైనా చూస్తున్నారేమోనన్న బాధ ముందు నడుం నొప్పి ఏపాటి?

పాప వచ్చి పక్కన ఆగింది, ఆ తెల్లపొడి లేచేలా. నవ్వలేదు. "కంగారు పడకు నాన్నా. ముందు మోకాళ్ళ మీదకి రా. ఇప్పుడు ఒక కాలు పెట్టు. చేతులు మోకాలి మీద పెట్టుకో. ఆ, లే" అంది. లేచాను. "గుడ్, మళ్ళీ పడినా పర్లేదు" అంది. నేను ఆ పిల్లకి ఎప్పుడూ చెప్పని మాట అది.

ఆ రోజు మేమిద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. మ్యాచ్‌కి నేను రావచ్చు. స్కేట్ల తాళ్ళు నేనే కడతాను. "హాయిగా ఆడుకుని రా తల్లీ" అని ఒక్క మాట చెప్తాను. ఆట మధ్యలో చప్పట్లు తప్ప ఇంకేమీ లేదు. తిరిగొచ్చేటప్పుడు ఆట సంగతి తను ఎత్తితేనే నేను మాట్లాడాలి. మొదటి నాలుగు ప్రయాణాలూ హాట్ చాక్లెట్ గురించే మాట్లాడుకున్నాం. ఐదోసారి తనే మొదలుపెట్టింది, ఇంటికి వచ్చేదాకా ఆపలేదు.

మా పాప గొప్ప హాకీ ప్లేయర్ కాలేదు. మూడు సీజన్లలో వేసిన గోల్స్ వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయినా ఆట మానేస్తానని ఒక్కసారీ అనలేదు.

ఇక్కడ మనకి

మనకి వీధి చివర ఐస్ రింక్ ఉండదు. కానీ చలికాలంలో లద్దాఖ్‌లో పిల్లలు గడ్డకట్టిన చెరువుల మీద ఇదే ఆట ఆడతారు. 2025లో యూఏఈలో జరిగిన ఆసియా కప్‌లో కాంస్యం గెలిచిన మన మహిళల ఐస్ హాకీ జట్టులో ఎక్కువమంది ఆ చెరువుల మీద నేర్చుకున్నవాళ్ళే. మన ఊళ్ళో చక్రాల స్కేటింగ్ ఉంది. 2010 ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో కాంస్య పతకాలు తెచ్చిన అనూప్ కుమార్ యామా హైదరాబాద్ అబ్బాయే. మా పాప ఇప్పుడు ఆదివారాలు చక్రాల మీద తిరుగుతోంది. మీ పిల్లల్ని చేర్పిస్తే హెల్మెట్‌తో పాటు మోకాళ్ళకి, మోచేతులకి, మణికట్లకి గార్డులు తప్పక కొనండి. మొదటి రోజు కోచ్ పడటం, లేవడం నేర్పిస్తే చిరాకు పడకండి. మంచి కోచ్ దొరికాడని సంతోషించండి.

చివరిగా ఒక మాట. పోయిన నెల యూనిట్ టెస్టులో పాపకి లెక్కల్లో మార్కులు తగ్గాయి. పేపర్ చేతిలోకి తీసుకోగానే, గాజు మీద అరచేత్తో బాదిన ఆ మనిషి నాలో మళ్ళీ లేచాడు. "ఇంత తేలికైన లెక్క..." అని నోటిదాకా వచ్చింది. పాప నా ముఖంలోకి చూస్తోంది, ఆ రోజు ఐసు మీద నుంచి చూసినట్టే.

పేపర్ పక్కన పెట్టి, "ముందు మోకాళ్ళ మీదకి రా తల్లీ" అన్నాను. పాపకి నవ్వొచ్చింది. తర్వాత ఇద్దరం కూర్చుని, ఎక్కడ జారిందో చూసుకున్నాం.

— ఐదో తరగతి విద్యార్థిని తండ్రి