గాలి ఒకటే, తుపాకులు రెండు

విశాఖపట్నం వెళ్ళినవారు సింహాచలం కొండ ఎక్కుతారు, కైలాసగిరి మీదనుంచి సముద్రం చూస్తారు, సాయంత్రానికి రామకృష్ణా బీచికి చేరుకుంటారు. రామకృష్ణ మిషన్ ఆశ్రమం పక్కనే ఉండటంవల్ల ఆ తీరానికి ఆ పేరు వచ్చింది. ప్రొద్దు వాలేసరికి ముంత మసాలా బళ్ళూ, మొక్కజొన్న పొత్తులు కాల్చే కుంపట్లూ, గుర్రపు స్వారీకి మారాం చేసే పిల్లలూ, అదొక తిరునాళ్ళు. ఆ సందడిలో ఉండి ఉండి "టప్" మని ఒక చప్పుడు వినిపిస్తుంది. తల తిప్పి చూస్తే చట్రానికి బిగించిన గుడ్డమీద వరసలు వరసలుగా రంగురంగుల బెలూన్లు, ఎదురుగా ఒక బల్ల, దానిమీద ఒక గాలి తుపాకి. మనబోటి సంసారులు చాలామంది తుపాకి అనే వస్తువును చేత పట్టుకున్నారంటే, అది ఈ బల్లమీది తుపాకే అయి ఉంటుంది.

ఇందులో మందు లేదు, నిప్పు లేదు. లోపల ఉన్నదల్లా ఒక బలమైన స్ప్రింగు, దాని ముందు ఒక పిస్టన్. గొట్టాన్ని పట్టుకుని క్రిందికి విరిస్తే పిస్టన్ వెనక్కు జరిగి, స్ప్రింగు ముడుచుకుంటుంది. విరిగినచోట గొట్టంలో చిన్న సీసపు గుండు దూర్చి, గొట్టం మళ్ళీ పైకెత్తితే తుపాకి సిద్ధం. ట్రిగ్గరు నొక్కగానే స్ప్రింగు విడివడి పిస్టన్‌ను తోస్తుంది. దాని ముందున్న కాస్త గాలీ ఒక్కసారిగా నలిగి, గుండును నెట్టుకుంటూ బయటపడుతుంది. సైకిలు పంపు మూతిని వేలితో మూసి గట్టిగా కొడితే వేలు తన్నుకుపోతుంది చూశారా, అదే సూత్రం. కాల్చే బలమంతా కాల్చేవాడి చేతిలోంచి రావలసిందే. ఒక్కొక్క గుండుకూ ఒక్కొక్కసారి గొట్టం విరవాలి.

మొన్న సంక్రాంతి సెలవులకు మా అక్కయ్య కుటుంబం హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు అందరం బీచికి వెళ్ళాము. మా మేనల్లుడికి పదహారేళ్ళు. రెండేళ్ళుగా గచ్చిబౌలి ప్రాంతంలోని షూటింగ్ రేంజిలో పది మీటర్ల గాలి తుపాకి సాధన చేస్తున్నాడు. ఈ మధ్య అన్నం దగ్గర కూడా దశాంశాలే మాట్లాడుతున్నాడనీ, మార్కు తగ్గిన రోజు ఎవరితోనూ పలకడనీ, మానేస్తానని రెండుసార్లు అన్నాడనీ అక్కయ్య బెంగ. చెల్లెలు చెయ్యి పట్టి లాగితే వాడు పెద్దమనిషి తరహాలో బల్ల దగ్గరకు వెళ్ళి ఆరు గుండ్లు కాల్చాడు. పగిలిన బెలూన్లు రెండు. చుట్టూ ఉన్న పిల్లకాయలు గొల్లుమన్నారు.

"గొట్టం చివరి గురి వంకరగా ఉంది" అన్నాడు వాడు, ముఖం ఎర్రజేసుకుని.

"వంకరే బాబూ, నాకు తెలీదా? అది కుడికి కొడతాది, మీరు ఎడంకి చూడండి" అన్నాడు తుపాకి ఆసామి, ఏమాత్రం తొణక్కుండా. "అంత గట్టిగా పట్టుకోకండి. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకోవాల. అది ఎగరాలనుకుంటాది, ఎగరనియ్యండి."

ఇది బేరం కోసం చెప్పిన మాట కాదు సుమా! స్ప్రింగు తుపాకిలో బరువైన పిస్టన్ ముందుకు దూకుతుంటే తుపాకి వెనక్కు తన్నుతుంది. పిస్టన్ కొసకు చేరి ఆగినప్పుడు తుపాకి ముందుకు కుదుపుకుంటుంది. ఈ అల్లరి అంతా గుండు ఇంకా గొట్టం దాటకముందే మొదలవుతుంది. గట్టిగా బిగబట్టినవాడి పట్టు ప్రతిసారీ ఒకేలా ఉండదు గనుక, గుండు ఒకసారి ఇటూ ఒకసారి అటూ పోతుంది. తేలికగా, ప్రతిసారీ ఒకే తీరుగా పట్టుకుని, గుండు వెళ్ళిన తరువాత కూడా కదలకుండా నిలబడ్డవాడికే ఈ తుపాకి లొంగుతుంది.

మర్నాడు ఉదయం అదే తీరాన ఉన్న కురుసుర జలాంతర్గామిని చూడబోయాము. ఇది 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి తీసుకుని, 2002 నుంచి ఇసుకమీద మ్యూజియంగా నిలిచింది. సుమారు తొంభై మీటర్ల పొడవున, గొట్టాల మధ్యనుంచి తల వంచుకుంటూ నడవాలి. జలాంతర్గామి మునగాలంటే టాంకులలోకి నీరు వదులుతారు. తేలాలంటే సీసాలలో కూరి దాచిన గాలిని టాంకులలోకి వదిలి ఆ నీటిని బయటకు గెంటుతారు. ఈ సంగతి వినగానే మావాడు, "మామయ్యా, నా తుపాకీ ఇంతే" అన్నాడు.

వాడి తుపాకిలో స్ప్రింగు బలంతో పని లేదు. గొట్టం క్రింద ఒక చిన్న సీసా ఉంటుంది. అందులో గాలిని 200 బార్ల దాకా నింపుతారు. అంటే కారు టైరులో ఉండే ఒత్తిడికి సుమారు తొంభై రెట్లు! ట్రిగ్గరు నొక్కితే చిన్న కవాటం రెప్పపాటు తెరుచుకుని, కొలిచినట్టు కాస్త గాలిని వదులుతుంది. తన్నూ లేదు, కుదుపూ లేదు. ఒకసారి నింపితే వందకు పైగా గుండ్లు కాల్చవచ్చు. నేనొకసారి ఆ రేంజికి వెళ్ళాను. పిల్లలు తోలుకోటుల్లాంటివి బిగించుకుని, దేవుడి ముందు నిలుచున్నట్టు నిలబడి ఉన్నారు. లక్ష్యం మొత్తం అడ్డం నాలుగున్నర సెంటీమీటర్లు; నడుమ ఉన్న "పది" అర మిల్లీమీటరు మాత్రమే. ఈ వాక్యం చివర ఉన్న చుక్క అంతన్నమాట. 75 నిమిషాలలో 60 గుండ్లు కాల్చాలి. ఒక్కొక్కదానికి అత్యధికంగా 10.9 మార్కులు. అభినవ్ బింద్రా 2008లో బీజింగులో స్వర్ణం గెలిచినదీ, హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండనులో కాంస్యం తెచ్చినదీ ఈ పోటీలోనే.

సీసా గాలి తుపాకి కొత్తదనీ, స్ప్రింగుది పాతదనీ మనం అనుకుంటాము. నిజానికి 1780 ప్రాంతాలలోనే ఆస్ట్రియా సైన్యం గిరండోని అనే గాలి తుపాకిని వాడింది. దాని మడమే గాలి సీసా. నింపాలంటే సుమారు 1500 సార్లు పంపు కొట్టాలి! స్ప్రింగు తుపాకులను ఇంటింటి వస్తువు చేసినవారిలో బర్మింగ్‌హామ్ కంపెనీ బి.ఎస్.ఎ. ఒకటి. మన ఊళ్ళలో ఆ పేరు చెబితే సైకిలే గుర్తుకు వస్తుంది గాని, ఆ కంపెనీ 1905 నుంచీ గాలి తుపాకులు చేసింది. 1984లో లాస్ ఏంజెలెస్‌లో ఈ ఆట ఒలింపిక్సులో ప్రవేశించిన తరువాత, కొన్నేళ్ళకు పోటీ మైదానాన్ని సీసా గాలి ఆక్రమించుకుంది. తిరునాళ్ళు మాత్రం స్ప్రింగుకే మిగిలాయి. విరిగితే ఊళ్ళో బాగు చేసుకోవచ్చు, గాలి నింపే యంత్రం అక్కరలేదు. పోటీ తుపాకి కొనాలంటే లక్షలు పొయ్యాలి.

మరి రెండింటిలో ఏది ఎక్కువ ఆనందం? ఈ ప్రశ్న నేను వేస్తే మావాడు చాలాసేపు అలల వంక చూశాడు. "నా తుపాకి తప్పు చెయ్యదు మామయ్యా. గురి తప్పితే ఆ తప్పు నాదే. అందుకే భయం వేస్తుంది. నిన్నటిది తప్పు పోయినా నవ్వొస్తోంది" అన్నాడు. ఆ సాయంత్రం తనంతట తానే మళ్ళీ బయలుదేరాడు. తుపాకిని అరచేతిమీద ఊరికే ఆనించి, ఎడంకి గురి చూసి, ఆరింట అయిదు పగలగొట్టాడు. ఒక్కొక్కసారి గొట్టం విరిచేటప్పుడు వాడి ముఖంలో ఉన్న తీరిక నేను రేంజిలో చూడలేదు. తుపాకిని మచ్చిక చేసుకోవడం ఒక సరదా, తన్ను తాను మచ్చిక చేసుకోవడం ఒక తపస్సు. తపస్సు చేసేవాడికీ అప్పుడప్పుడు తిరునాళ్ళు కావాలి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. రెండూ ఆటవస్తువుల్లా కనిపించినా రెండూ కన్ను తీయగలవి. మనిషివైపు గాని పక్షివైపు గాని తిప్పనివ్వకండి. పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ చిన్నప్పుడు గాలి తుపాకితో ఒక పిచ్చుకను కొట్టి, గొంతుమీద పసుపు మచ్చ చూసి అదేమిటో తెలుసుకోవాలని బొంబాయిలోని ప్రకృతిచరిత్ర సంఘానికి వెళ్ళాడు. ఆ తరువాత జీవితమంతా పక్షులకే ధారపోశాడు. అందరు పిల్లలూ అలా అవుతారన్న హామీ లేదు గనుక, బెలూన్లే మేలు.

మావాడు ఆట మానలేదు. ఆదివారాలు మాత్రం మార్కులు చూపే తెరను కప్పేసి కాలుస్తున్నాడట. అన్నం దగ్గర దశాంశాలు కాస్త తగ్గాయని అక్కయ్య మొన్న ఫోనులో చెప్పింది.