వీథిని త్రవ్వకయే గొట్టము

మూడేండ్ల క్రిందట ఆషాఢమాసమున మురుగు గొట్టము వేయుటకై మా గుమ్మము ముందు నడుములోతు కందకము త్రవ్విరి. మాది బంజారా హిల్సు. మేడలకును మోటారు కారులకును పేరువడిన చోటేగాని, ఆ మేడల వెనుక మావంటి బడిపంతుళ్ల యిండ్లును, ఇరుకు సందులును గలవు. త్రవ్విన గుత్తదారు వానలు ముగియువఱకు దానిని పూడ్పింపలేదు. దాటుటకొక చెక్క మాత్రము వేయించెను. ఒకనాటి వేకువను మా అత్తగారు పాలపొట్లము తెచ్చుటకై ఆ చెక్కపై నడచుచు జారి పడిరి. తుంటి యెముక విఱిగెను. శస్త్రచికిత్స జరిగినను చేతికఱ్ఱ లేక ఆమె నడువజాలరు. నాటితో ఆమె లోకము మా వసారాలోని కుర్చీవఱకు కుదించుకొనిపోయినది.

కావున ఈ మాఘమాసమున పాత నీటిగొట్టమునకు మాఱుగా క్రొత్తది వేయుదురని వినగానే నా గుండె జల్లుమన్నది. కాని ఈసారి వచ్చినవారు వీథిని త్రవ్వలేదు. ఈ కొన నొక గుంట, ఆ కొన నొక గుంట, అంతే! ఒక యంత్రమును వాలుగా నిలిపి, దాని ముక్కును నేలలోనికి దూర్చిరి. పనివారు దీనిని హెచ్. డి. డి. యందురు.

చిన్ననాట మా తండ్రిగారు నాచేత ఆదిపర్వము చదివించిరి. విదురుడు పంపిన ఖనకుడు లక్కయింటిలో బిలము త్రవ్వి, దాని వాకిటి తలుపును నేలతో సమముగ నమర్చి, పురోచనుని కన్నుగప్పిన కథ నాకు వెంటనే స్ఫురించినది. అయితే లక్కయింటి క్రింద పాతగొట్టము లేమియు లేవుగదా!

యంత్రపు పనితీరు ముచ్చటైనది. ఉక్కు కడ్డీల నొకదాని వెనుక నొకటి తగిలించుచు ముక్కును ముందునకు త్రోయుదురు. ఆ ముక్కు ఒకవైపు ఏటవాలుగ చెక్కబడియుండును. త్రిప్పుచు త్రోసినచో తిన్నగా పోవును. త్రిప్పక త్రోసినచో వాలును బట్టి ప్రక్కకు మళ్లును. దాని వెనుకనే సంకేతముల నంపు చిన్న పరికర మొకటి యుండును. ఒక కుఱ్ఱవాడు పెట్టెవంటి సాధనమును చేతబట్టుకొని వీథిలో నడచుచు, ముక్కు ఎంత లోతున, ఎటు పోవుచున్నదో చెప్పుచుండెను. బెంటొనైటను ఒకవిధమైన బంకమన్నును నీట కలిపి లోనికి పంపుదురు. అది రంధ్రము కూలకుండ నిలుపును, త్రవ్విన మన్నును వెలికి దెచ్చును. ముక్కు ఆవలి గుంటలో తేలిన పిమ్మట, దానిని తీసి వెడల్పు చేయు పరికరమును తగిలించి, దానివెంట గొట్టమును వెనుకకు లాగుదురు. నీలిచారలు గల ఆ నల్లని ప్లాస్టిక్కు గొట్టపు ముక్కలను ముందుగానే వేడిపలకపై కరగించి యొకటిగా అదిమి యుంచిరి. 1971 లో అమెరికాలోని పజారో నది క్రింద మార్టిన్ చెరింగ్టన్ అనునతడు ఈ పద్ధతిని మొదట నడిపెనని మావారు చెప్పిరి.

మా నేల సంగతి వేఱు. హైదరాబాదు గ్రానైటు బండలు సుమారు 250 కోట్ల యేండ్లనాటివి. మెత్తని మంటిలో చకచక సాగు ముక్కు, గుండు తగిలినచో దారి తప్పును. బండను తొలుచుటకు గట్టి పండ్లు గల మఱొక ముక్కు కావలెను.

బండకంటె భయ మింకొకటి. 1920 లో గండిపేట చెఱువు పూర్తియైననాటినుండి ఈ నగరము క్రింద గొట్టములు పెనవైచుకొనుచునే యున్నవి. మంచినీరు, మురుగు, కరెంటు తీగ, వంటగ్యాసు, అంతర్జాలపు గాజుతీగ, అన్నియు నచ్చటనే. అమెరికాలో గ్యాసుగొట్టము మురుగుగొట్టమును చీల్చుకొని పోయినను ఎవ్వరెఱుగక, ఏండ్ల పిమ్మట మురుగును శుభ్రము చేయు పనిముట్టు దానిని తెగగొట్టగా ఇండ్లు ప్రేలిన ఉదంతములు గలవు. పైకి గాయము కనబడదు, అదియే చిక్కు.

మా వీథి పటమున పాత నీటిగొట్టము తిన్నని గీతగా నుండెను. మేస్త్రీ దానిని చూచుచుండగా వసారానుండి అత్తగారు పిలిచిరి.

“నాయనా, ఆ వేపచెట్టు దగ్గఱ జాగ్రత్త. మేము ఈ యింటికి వచ్చినది 1986 లో. ఆ గొట్టము వేసిననాడు బండ అడ్డము రాగా, దానిని చుట్టి మా గోడవైపునకు త్రిప్పిరి. కూలీలకు మజ్జిగ పోసినదానను నేనే.”

“పటములో అట్లు లేదు, పెద్దమ్మగారూ!”

“పటము వ్రాసినవాడు మజ్జిగ త్రాగలేదు.”

అతడు నవ్వెను గాని, మంచివాడు, గునపముతో చిన్నగుంట త్రవ్వించి చూచెను. మోకాలిలోతున ఇనుపగొట్టము కనబడెను, సరిగా ఆమె చెప్పినచోటనే. ముక్కు పోవలసిన దారియు అదియే! వెంటనే దారిని ఇంకను లోతునకు మార్చిరి. తగిలియుండినచో ఆ బంకమన్ను మా కుండలలోనికే వచ్చియుండెడిది.

గొట్టములు వేయునపుడు పురుషులు కచ్చేరీలలోను బడులలోను నుందురు. చూచుచుండునది మనమే. మావారిచేత మా యింటి గొట్టముల దారులను లెక్కల పుస్తకము వెనుక గీయించి పెట్టితిని. సోదరీమణులును అట్లు చేసికొనిన మేలు.

దోషము లేకపోలేదు. పొరుగింటి ముంగిట రోడ్డు పగులునుండి బూడిదరంగు బురద పొంగి, ఆమె ముగ్గును ముంచినది. దానిని కడుగుటకు మా యిద్దఱికి రెండు పూటలు పట్టెను. ఐనను నాలుగవనాటికి పని ముగిసినది. గుంటలచుట్టు కంచె కట్టియుంచి, వెంటనే పూడ్చిరి.

వెళ్లునపుడు మేస్త్రీ వసారా దగ్గఱకు వచ్చి, “పెద్దమ్మగారూ, వెనుక సందులో గొట్టము లెటు పోవునో మీకు తెలియునా?” అని యడిగెను.

“ఇచ్చటినుండి చెప్పిన తెలియదు” అని అత్తగారు కఱ్ఱ నందుకొనిరి. నేను చేయి పట్టుకొనబోగా వలదని, ఆమె మెట్లు దిగిరి.