కష్టం అంటే.. సులువని!

ఇంగ్లండ్‌లో ఓ లోయ ఉంది. అక్కడి కొండదారుల్లో ‘డిఫికల్ట్’ అని పేరున్నదాన్ని చూస్తే కొత్తగా కొండలెక్కేవాళ్లు ‘హమ్మయ్య’ అనుకుంటారు. ‘వెరీ డిఫికల్ట్’ అన్నా పెద్దగా కంగారుపడరు. మరి నిజంగా కష్టమైన దారిని ఏమంటారు? ఇంగ్లిషువాళ్లు కష్టాన్ని ఎలా చెప్పుకుంటారో తెలియాలంటే నిఘంటువు తిరగేయడం కన్నా వాస్‌డేల్ లోయకు వెళ్లడం మేలు.

వాయవ్య ఇంగ్లండ్‌లోని కంబ్రియాలో ఉంది లేక్ డిస్ట్రిక్ట్. పేరుకు తగ్గట్టే ఎటు చూసినా సరస్సులూ, వాటిని చుట్టుకుని కొండలూ. 1951లో జాతీయవనం అయింది. 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పర్యటకులు ఎక్కువగా తూర్పువైపు ఊళ్లకే వెళతారు. పడమటి అంచున ఉన్న వాస్‌డేల్‌కి వచ్చేవాళ్లు తక్కువ. వాస్ట్‌వాటర్ సరస్సు పక్కనుంచి సాగే సన్నటి దారి లోయ చివరికి వెళ్లి ఆగిపోతుంది. అక్కడ ఓ పాత సత్రం, ఓ బుల్లి చర్చి, నాలుగైదు గొర్రెల దొడ్లు, రాళ్లు పేర్చి కట్టిన ప్రహరీలు.. అంతే!

ఆ కాస్త చోటుకే గొప్పలు మాత్రం చాలా ఉన్నాయి. ఇంగ్లండ్‌లోకెల్లా ఎత్తైన శిఖరం స్కాఫెల్ పైక్ (978 మీటర్లు) ఇక్కడిదే. 79 మీటర్ల లోతున్న వాస్ట్‌వాటర్ దేశంలోకెల్లా లోతైన సరస్సు. అతిచిన్న చర్చిల్లో ఒకటీ ఇక్కడే ఉంది. వీటికి తోడు ‘ప్రపంచంలోకెల్లా పెద్ద అబద్ధాలకోరు’ కూడా తమవాడేనంటారు స్థానికులు. ఆయన పేరు విల్ రిట్సన్. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ సత్రం నడిపేవాడు. తమ లోయలో టర్నిప్ దుంపలు ఎంత పెద్దవంటే, జనం కూరకోసం తవ్వుకెళ్లాక మిగిలిన డొల్లలో గొర్రెలు తలదాచుకుంటాయని చెప్పేవాడట! ఆయన జ్ఞాపకంగా దగ్గర్లోని శాంటన్ బ్రిడ్జిలో అబద్ధాల పోటీ పెడతారు. రాజకీయ నాయకులకూ లాయర్లకూ ప్రవేశం లేదు. వాళ్లు మరీ ఆరితేరినవాళ్లని!

దుంపల గురించి అంత పెద్ద మాటలు చెప్పుకునే చోటే, కష్టం దగ్గరికి వచ్చేసరికి మాటలు చిన్నవైపోయాయి.

జేబురుమాలుతో మొదలు

1886 జూన్‌లో వాల్టర్ ప్యారీ హాస్కెట్ స్మిత్ అనే యువకుడు గ్రేట్ గేబుల్ కొండ పక్కన నిలువుగా సూదిలా నిలబడ్డ రాతిస్తంభం దగ్గరికి వెళ్లాడు. దాని పేరు నేప్స్ నీడిల్. తోడు ఎవరూ లేరు, తాడు కూడా లేదు. ఒక్కడే పైదాకా ఎక్కి, వచ్చినట్టు గుర్తుగా తన జేబురుమాలును రాయికింద పెట్టి దిగొచ్చాడు. బ్రిటన్‌లో శిఖరం చేరడానికి కాకుండా, రాతిని ఎక్కడమనే సరదాకోసమే ఎక్కడం అప్పట్నుంచే ఓ ఆటగా ఊపందుకుందని చెబుతారు. యాభై ఏళ్ల తర్వాత 1936లో, డెబ్బై దాటిన వయసులో ఆయనే వచ్చి మళ్లీ ఎక్కాడు. ఈసారి మాత్రం తాడు కట్టుకుని!

ఆ తర్వాత వాస్‌డేల్ సత్రం కొండలెక్కేవాళ్లకు అడ్డా అయింది. వాళ్లలో ఓవెన్ గ్లిన్ జోన్స్ అనే లండన్ బడిపంతులు ఒకరు. లేక్ డిస్ట్రిక్ట్ రాతికొండల మీద ఆయన రాసిన పుస్తకం 1897లో వచ్చింది. అందులో దారులన్నిటినీ నాలుగు తరగతులుగా విడగొట్టాడు. ఈజీ, మోడరేట్, డిఫికల్ట్, ఎక్సెప్షనల్లీ సివియర్. అప్పటికి అవి సరిపోయాయి.

కాలం మారింది. మంచి తాళ్లు, మంచి బూట్లు వచ్చాయి. నిన్న ఎవరూ ఎక్కలేనిదాన్ని ఇవాళ కుర్రాళ్లు ఎక్కేస్తున్నారు. మరి పాత పేర్లు మార్చాలిగా? మార్చలేదు. ‘డిఫికల్ట్’ని అలాగే ఉంచి దానిపైన మరో మెట్టు వేశారు. ‘వెరీ డిఫికల్ట్’ వచ్చింది. తర్వాత ‘సివియర్’, ‘వెరీ సివియర్’, ‘హార్డ్ వెరీ సివియర్’, ఆపైన ‘ఎక్స్‌ట్రీమ్లీ సివియర్’. ఇక విశేషణాలు దొరక్క, 1970ల్లో ఆ చివరి మెట్టుకు ఇ1, ఇ2 అంటూ అంకెలు తగిలించారు. 2006లో స్కాట్లండ్‌లోని డంబార్టన్ దగ్గర డేవ్ మెక్‌లౌడ్ ఎక్కిన దారి ఇ11దాకా వెళ్లింది. అలా పైన మెట్లు పెరుగుతూపోయి, ఒకప్పటి ‘డిఫికల్ట్’ ఇప్పుడు కొత్తవాళ్ల పాఠమైంది.

‘ఇంట్రెస్టింగ్’ అన్నారా.. జాగ్రత్త!

కొండదారుల గైడు పుస్తకాల్లో ఇంకో నిఘంటువే కనిపిస్తుంది. ‘డెలికేట్’ అంటే సుకుమారం అనుకుంటే పొరపాటే. వేలిమొనలకు కూడా సరిగ్గా పట్టు దొరకదని అర్థం. ‘బోల్డ్’ అని ఉంటే పడితే ఆపడానికి తాడు తగిలించుకునే చోట్లు తక్కువన్నమాట. ఇరుకు పగుళ్లలో ఇరుక్కుని, భుజాలూ మోకాళ్లూ గీరుకుంటూ పైకి జరగడాన్ని ‘థ్రచ్’ అంటారు. ఇక దిగొచ్చినవాడు బీరు గ్లాసు ముందు కూర్చుని ‘ఇట్ వాజ్ ఎ బిట్ ఇంట్రెస్టింగ్’ అన్నాడంటే, పైన ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాడని పక్కవాళ్లకు తెలిసిపోతుంది.

ఈ అలవాటు కొండలకే పరిమితం కాదు. 1982 జూన్ 24న కౌలాలంపూర్ నుంచి పెర్త్ వెళుతున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఇండొనేసియా మీద అగ్నిపర్వతం బూడిదలో చిక్కుకుంది. కెప్టెన్ ఎరిక్ మూడీ ప్రయాణికులతో ‘మనకో చిన్న సమస్య వచ్చింది’ అన్నారు. ఆ వెంటనే నాలుగు ఇంజిన్లూ ఆగిపోయాయనీ చెప్పారు! ఇంజిన్లు మళ్లీ అందుకుని, విమానం జకార్తాలో దిగింది. అందరూ క్షేమం.

అన్నిసార్లూ కథ అలా సుఖాంతం కాలేదు. 1951 ఏప్రిల్‌లో కొరియాలోని ఇమ్‌జిన్ నది దగ్గర బ్రిటిష్ బ్రిగేడ్ మీద చైనా సేనలు విరుచుకుపడ్డాయి. పరిస్థితి ఏమిటని అమెరికన్ సేనాని అడిగితే, బ్రిగేడియర్ టామ్ బ్రోడీ ‘కాస్త జిగురుగానే ఉంది’ అనే అర్థంలో ‘స్టికీ’ అన్న మాట వాడారట. బ్రిటిష్ సైనికుడికైతే అది ప్రమాద ఘంటిక. అమెరికన్‌కి మాత్రం ఫర్వాలేదు, నెట్టుకొస్తున్నారన్నట్టు వినిపించిందంటారు. గ్లోస్టర్‌షైర్ దళం చుట్టుముట్టులో చిక్కింది. అయిదువందలమందికి పైగా బందీలయ్యారు.

మెట్లెక్కడం ‘కొంచెం’ కష్టమట

బ్రిటన్ ఆసుపత్రుల్లో పనిచేసే తెలుగు డాక్టర్లకు ఈ చిన్న మాటలు రోజూ ఎదురవుతాయి. ‘మెట్ల దగ్గర కాస్త స్ట్రగుల్ అవుతున్నా’ అని ఓ పెద్దాయన నవ్వుతూ చెబితే, నవ్వు చూసి వదిలేయకూడదు. ఎన్ని మెట్లు, ఎన్నిసార్లు ఆగుతున్నారు, రాత్రి పడక ఎక్కడ.. అని అడగాలి. నెలరోజులుగా మేడ ఎక్కలేక కింద కుర్చీలోనే పడుకుంటున్న సంగతి అప్పుడు బయటపడొచ్చు. ఆఫీసుల్లోనూ అంతే. ‘శనివారం రావడానికి స్ట్రగుల్ అవుతానేమో’ అంటే రారన్నమాట.

ఇది మనకు మరీ కొత్తేం కాదు. అప్పు అడిగితే ‘ఈ నెల కొంచెం కష్టమండీ’ అంటారు మనవాళ్లు. ఆ ‘కొంచెం’ ఎంతో ఇద్దరికీ తెలుసు. చిక్కల్లా పరాయి భాషలో ఆ ‘కొంచెం’ కొలత తెలియకపోవడమే!

వాస్‌డేల్‌లోని సెయింట్ ఒలాఫ్ చర్చి ఆవరణలో కొండల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల సమాధులున్నాయి. 1903లో స్కాఫెల్ మీద ఒకే తాడుకు కట్టుకున్న నలుగురు పడి చనిపోయారు. చర్చి కిటికీలో ఓ చిన్న గాజుపలక మీద నేప్స్ నీడిల్ బొమ్మ చెక్కి ఉంటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో మరణించిన పర్వతారోహకుల స్మృతిచిహ్నమది.

ఇప్పుడు లోయలో ఎవరైనా చిక్కుకుంటే పర్వత రక్షక దళం వెళుతుంది. అందరూ స్వచ్ఛంద సేవకులే, పైసా తీసుకోరు. వాళ్లకు ‘ఎ బిట్ ట్రిక్కీ’ అంటే సరిపోదు. ఎక్కడున్నారు, ఎంతమంది, ఎవరికి దెబ్బ తగిలింది, నడవగలరా లేదా.. ఇవే కావాలి. ఎంత గుంభనంగా ఉండే ఇంగ్లిషువాడైనా అక్కడ విశేషణాలు పక్కనపెట్టి ‘కాలు విరిగింది, కదల్లేను’ అని చెప్పాల్సిందే.

వెళ్లాలంటే..

కంబ్రియా తీరం వెంబడి వెళ్లే రైల్లో సీస్కేల్‌లో దిగి, అక్కడి నుంచి ట్యాక్సీలోనో కారులోనో లోయకు చేరుకోవాలి. లేక్ డిస్ట్రిక్ట్‌లో వానలెక్కువ. వేసవిలో వెళ్లినా రెయిన్‌కోటు, మంచి బూట్లు తప్పనిసరి. కొండమీద ఇబ్బంది ఎదురైతే 999కి ఫోన్‌చేసి ముందు పోలీసుల్ని, తర్వాత మౌంటెన్ రెస్క్యూని అడగాలి. అన్నట్టు, దారి ఎలా ఉంటుందని స్థానికుల్ని అడిగినప్పుడు ‘నాట్ టూ బ్యాడ్’ అన్నారనుకోండి.. మంచినీళ్ల సీసా ఇంకోటి పెట్టుకోండి!