కండెలకి కూలి

మగ్గం మనదైతే టైమూ మనదే అంటారు మా మావగారు. మాది బరంపురం పట్టు నేసే ఇల్లు. ముత్తాతలు ఆంధ్రా వైపు నుంచి వచ్చారని పెద్దలు చెప్పుకుంటారు. అంచున కుంభం తీసే ఈ చీరకి 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, ఆ కూలితో ఇల్లు గడవక మా ఆయన సూరత్ బండెక్కారు.

మావగారి మాట అబద్ధం కాదు. ఎండ ముదిరితే మగ్గం దిగి కాసేపు నడుం వాలుస్తారు. రెండేళ్లకోసారి బుడ్ఢి ఠాకురాణి యాత్ర వస్తే ఎవర్నీ సెలవు అడగక్కర్లేదు. అక్కడ మా ఆయనకి పవర్‌లూమ్ మీద పన్నెండు గంటల షిఫ్టు, ఓ వారం పగలు, ఓ వారం రాత్రి. నేసిన మీటర్లకే డబ్బులు. ఊరికొస్తే ఆ మిషను ఇంకొకరికి ఇచ్చేస్తారు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో రోజుకి 9 గంటలు, వారానికి 48 అని, అంతకు మించి చేయిస్తే రెట్టింపు కూలి అని ఉండేది. ఆ మాటెత్తితే సేటు గేటు చూపించాడట.

మొన్న ఫోన్లో, "వచ్చేస్తాను, ఇంకో మగ్గం వేద్దాం, మన టైము మన చేతిలో ఉంటుంది" అన్నారు. సంతోషమే. మరి ఆ టైములో నాది ఎంత?

మావగారు మగ్గం మీద కూర్చునేసరికి కండెలు తయారుగా ఉండాలి. అందుకని అత్తగారూ నేనూ నాలుగింటికే లేస్తాం. పొయ్యి మీద అన్నం, ఒళ్లో పాప, చేతిలో రాట్నం. మధ్యలో పోగు తెగితే పిలుపు. రాత్రి భోజనాలయ్యాక మళ్లీ రాట్నమే. మిల్లుకైతే సైరనుంది, మా వంటింటికి లేదు. (షిఫ్టుకి డబ్బా కట్టే మీకు ఇది కొత్త కాదు లెండి. ఆ గంట కూడా ఎవరూ రాయరు.)

అందుకే చెప్పాను: "రండి. కానీ కండెలకి వేరే కూలి రాయాలి. రాత్రి ఏడు దాటాక నేను రాట్నం ముట్టను."

మావగారు విని, "ఇంటి పనికి కూలేంటమ్మా?" అని నవ్వారు. అత్తగారు నవ్వలేదు. పాప పాత నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టారు.

మొన్న కోసిన చీరకి మా ఇద్దరివీ కలిపి 31 గంటలు తేలాయి. మా ఆయన ఇంకా ఏ మాటా చెప్పలేదు. యాత్రకి వస్తానన్నారు. మగ్గానికి గొయ్యి తవ్వే ముందు ఆ బుక్కు ఆయన చేతిలో పెడతాను.