మేం చూసే కొరియా సీరియళ్లు, వాటి హీరోయిన్లు, మా చెల్లి వాళ్ల అవ్వ

పోయిన వారం ఒక అన్న మన గ్రూపులో, "మన ఆడపిల్లలు కొరియా సీరియళ్ల పిచ్చిలో పడి చదువులు పాడు చేసుకుంటున్నారు" అని పెట్టాడు. అన్నా, ఆ పిల్లలం మేమే. గిద్దలూరులో ఒకే రూము అద్దెకు తీసుకుని డిగ్రీ చదివే ఐదుగురం. ముగ్గురం సుగాలీ తండాల వాళ్లం, ఒకరు ఎరుకల, ఒకరు నల్లమల లోపలి గూడెం నుంచి వచ్చిన చెంచు పిల్ల. అందరిలో చిన్నది కాబట్టి ఆమెను చెల్లీ అంటాం. నువ్వు తిట్టినందుకు కోపం లేదు. కానీ ఆ సీరియళ్లు చూసీ చూసీ మాకొక సంగతి తట్టింది, అది చెప్పాలని రాస్తున్నాం. పొడుగు పోస్టు, ఓపిక చేసుకో.

మా చూసుడు ఎట్లుంటదంటే, ఒక ఫోన్, ఐదు తలకాయలు. రాత్రి అన్నం తిని గిన్నెలు కడిగాక, ఆ రోజు డేటా ఎవరికి మిగిలితే వాళ్ల హాట్‌స్పాట్. సెలవులకు చెల్లి గూడెం పోతే అక్కడ సిగ్నల్ ఉండదు. అందుకని పదహారు ఎపిసోడ్లూ ముందే దించుకుని పోతుంది. మొదట్లో తెలుగు డబ్బింగ్ ఉన్నవే చూసేవాళ్లం. సియోల్‌లో పుట్టిన పిల్లోడు అచ్చం విజయవాడ మాట మాట్లాడుతుంటే నవ్వుకునే వాళ్లం. తర్వాత ఇంగ్లీషు అక్షరాలు కింద పడేవి మొదలుపెట్టాం. మా ఇంగ్లీషు కొంచెం బాగుపడింది కూడా. చదువు మొత్తం పాడు కాలేదన్నా.

ఇక గొడవ అంతా హీరోయిన్ దగ్గరే వచ్చేది. 'బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్' తెలుసు కదా, జపాన్ బొమ్మల కథ. దాన్ని 2001లో తైవాన్ వాళ్లు, 2005లో జపాన్ వాళ్లు, 2009లో కొరియా వాళ్లు, 2018లో చైనా వాళ్లు తీశారు. డబ్బున్నోళ్ల పిల్లలు చదివే చోటికి లేనింటి పిల్ల ఒకతి వస్తుంది. అక్కడ నలుగురు మగపిల్లలు ఆమెను ఏడిపిస్తారు, వాళ్లలో పెద్ద పొగరుబోతు ఆమెనే ప్రేమిస్తాడు. కొరియా దాంట్లో కూ హే సన్, లీ మిన్ హో. మాలో ముగ్గురికి లీ మిన్ హో అంటే ప్రాణం, ఆ ఉంగరాల జుట్టుతో సహా. మిగతా ఇద్దరం జపాన్ దాంట్లో చేసిన ఇనోయుయే మావో వైపు. ఎందుకంటే ఆ పిల్ల కోపమొస్తే నిజంగా కోపంగా ఉంటుంది, ముఖం అందంగా ఉందా లేదా అని చూసుకోదు. చైనా షెన్ యుయే ముద్దుగా ఉంటుంది గానీ, ఆమెకు కూడు లేదంటే మాకు నమ్మబుద్ధి కాలేదు.

ఒక రాత్రి చెల్లి అడిగింది: "నాలుగు దేశాలోళ్లు తీశారు గదా, ఒక్కరికన్నా లేనింటి పిల్ల ముఖం దొరకలేదా?"

మేం నవ్వాం. కొరియా దాంట్లో ఆ పిల్లది బట్టలుతికే షాపు. ఇంట్లో ఇరుకు, అప్పులు, అన్నీ చూపిస్తారు. ముఖం మాత్రం పాలమీగడ. ఎండ తగిలిన జాడ లేదు. లేమి అంతా గోడల మీద, గిన్నెల మీద, చెప్పుల మీద ఉంటుంది, హీరోయిన్ మీద ఉండదు. ఒకసారి అది కంటపడ్డాక ఇక ఏ సీరియల్ చూసినా అదే కనిపిస్తుంది. హాయిగా చూసుకునేదాన్ని చెల్లి పాడు చేసిందని మేం తిట్టుకున్నాం కూడా.

కొరియా వాళ్లనే అంటే ఎట్లా? మన ఇళ్లల్లో 'కార్తీకదీపం' పెట్టుకోని ఇల్లుందా? 2017 నుంచి 2023 దాకా తండాలో రాత్రి వంటలు ఆ టైము చూసుకునే చేసేవాళ్లు. ఆ కథ మొత్తం దీప నల్లగా ఉందనే కదా. అత్తగారు వద్దన్నదీ అందుకే. మా అమ్మలు వంటలక్కను చూసి ఏడ్చింది కూడా అందుకే. అది తమ ఏడుపే అనుకున్నారు వాళ్లు. ఆ దీపగా చేసిన ప్రేమి విశ్వనాథ్ కేరళ ఆమె, మలయాళంలో 'కరుత్తముత్తు' అనే మూల సీరియల్లోనూ ఆమే చేసింది. బాగా చేసింది, అందులో మాట లేదు. అయితే ఆమె రంగు నలుపు కాదు, మేకప్. ఫోన్లో ఆమె మామూలు ఫొటో చూపిస్తే మా అమ్మ ఒకామె నమ్మలేదు. "ఈమె యాడ, మా వంటలక్క యాడ" అన్నది. కాసేపుండి, "అయితే నల్లపిల్ల దొరకలేదా వాళ్లకు" అన్నది. చెల్లి అడిగిందీ అదే కదా. ఆ అమ్మకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ అవసరం రాలేదు.

వెనక్కి పోతే 'చెంచులక్ష్మి' ఉంది. 1958లో వచ్చిన సినిమాలో అంజలీదేవి చెంచిత, నాగేశ్వరరావు స్వామి. మాకు కొండ అవతలే అహోబిలం. అక్కడి నరసింహస్వామి తమ ఇంటి అల్లుడని చెల్లి వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అంటే పెళ్లికూతురు వాళ్ల ఆడబిడ్డ. తెర మీద మాత్రం ఆ ఆడబిడ్డగా వాళ్ల పిల్ల ఎవరూ నిలబడలేదు. 2021లో వచ్చిన 'జై భీమ్' చూసి మేం ఐదుగురం ఏడ్చాం. ఇరుళ సెంగెనిగా చేసిన లిజోమోల్ జోస్ కూడా కేరళ ఆమే, ఆమెకూ రంగు ముదురు చేశారు. అంత మంచి సినిమా మీద వంక పెట్టడానికి మనసు రాలేదు. పెట్టకుండా ఉండడానికీ రాలేదు.

ఇప్పుడు మా సంగతి. మేం ఇంతకుముందు చదివిన ఒక కాలేజీలో (పేరు వద్దులే) వార్షికోత్సవానికి ఇదే చెంచులక్ష్మి నాటకం వేశారు. చెల్లి పేరిచ్చింది. మాటలన్నీ రెండు రోజుల్లో నేర్చేసింది. విల్లు ఎట్లా పట్టుకోవాలో చూపించడానికి ఆమెను వేరే ఎవరూ నేర్పాల్సిన పని లేదు, వాళ్ల నాయన దగ్గర చూసి పెరిగింది. రిహార్సల్ రోజు ఆ నాటకం చూసుకునే మేడం, "నువ్వు బాగా చేస్తున్నావమ్మా, కానీ స్టేజి లైట్లకు నీ ముఖం కనపడదు" అన్నది. ఊళ్లో పిల్ల ఒకామెకు లక్ష్మి ఇచ్చారు. చెల్లిని వెనక గుంపు డాన్సులో ఆకులు కట్టించి నిలబెట్టారు. నాటకం రోజు ఆ లక్ష్మికి చెంచు పిల్లలా కనపడాలని ముఖానికి, చేతులకు నల్లరంగు పూశారు. చెల్లి మాతో పాటే ఆ రంగు గిన్నె పట్టుకుని నిలబడింది. లైట్లకు బాగానే కనపడింది ఆ నలుపు.

ఆ రోజు మేం ఎవరం ఏమీ అనలేదు. ఆ మాట అనగలిగింది ఈ సీరియళ్లు చూశాకే. అందుకే వాటిని తిడితే ఊరుకోబుద్ధి కాదు.

కొరియా వాళ్లు కూడా తప్పులు చేస్తారు, అది మాకు ధైర్యమిచ్చింది. 'స్క్విడ్ గేమ్'లో పాకిస్తాన్ కూలీ అలీగా చేసిన అనుపమ్ త్రిపాఠి ఢిల్లీ వాడు. 2023లో 'కింగ్ ద ల్యాండ్'లో అతన్నే అరబ్బు యువరాజుగా పెట్టారు, తాగుతూ ఆడవాళ్ల వెంట పడే మనిషిగా చూపించారు. అరబ్బు దేశాల ప్రేక్షకులు ఊరుకోలేదు. వేసిన టీవీ వాళ్లు క్షమాపణ చెప్పారు. గోధుమరంగు మనిషి ఒకడు దొరికితే ఏ దేశానికైనా సరిపెట్టొచ్చు అనుకున్నారు. మాకు అందులో కొత్త లేదు, మనల్ని కూడా తలకు ఈక పెట్టి, నడుముకు ఆకు కట్టి, అన్ని తెగలకూ ఒకటే డ్రెస్ వేస్తారు. కొత్త ఏందంటే, చూసేవాళ్లు అడిగితే తీసేవాళ్లు జవాబు చెప్పారు.

తర్వాత 'అవర్ బ్లూస్' చూశాం. 2022ది. జెజు దీవిలో చేపల బజారు మనుషుల కథలు. అందులో హాన్ జీ మిన్‌కు ఒక కవల అక్క ఉంటుంది, డౌన్ సిండ్రోమ్ ఉన్న మనిషి. చెల్లెలు ఆమెను ఊరికి దూరంగా ఉంచి, ఎవరికీ చెప్పకుండా దాస్తుంది. ఆ అక్కగా చేసిన జంగ్ యున్ హే నిజంగానే డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది, బొమ్మలు వేసే కళాకారిణి. సీరియల్లో ఆ పాత్ర వేసిన బొమ్మలు కూడా ఆమె వేసినవే. దానికి ముందే 'ఎక్స్‌ట్రార్డినరీ అటార్నీ వూ' చూసి పార్క్ యున్ బిన్‌కు చప్పట్లు కొట్టాం, ఆటిజం ఉన్న లాయరుగా అంత బాగా చేసిందని. ఇప్పటికీ కొడతాం. కానీ జంగ్ యున్ హే తెర మీదికి వచ్చినప్పుడు రూములో ఎవరూ మాట్లాడలేదు. "బాగా నటించింది" అనే మాట కూడా రాలేదు. ఎపిసోడ్ అయ్యాక చెల్లి ఒకటే అన్నది: "ఆమెను ఆమెగానే పెట్టారే."

అప్పటి నుంచి అట్లాంటివి వెతుకుతూ పోతే తైవాన్ సినిమా ఒకటి దొరికింది, 'సీడిక్ బాలే', 2011ది. 1930లో జపాన్ పాలకుల మీద కొండజాతి వాళ్లు తిరగబడిన నిజం కథ. మనకు అల్లూరి, కొమరం భీమ్ ఎట్లనో వాళ్లకు మోనా రుదావో అట్లా. ఆ మోనాగా చేసిన లిన్ చింగ్ తాయ్ ఆ కొండజాతుల్లో ఒకటైన అటయల్ మనిషి, చర్చిలో పాస్టరు. అంతకు ముందు నటించిందే లేదు. అంత పెద్ద సినిమాను ఆయన భుజాల మీద పెట్టారు. ముఖం మీద గీతలు, ఎండ, చూపు, అన్నీ ఆయనవే. మన దగ్గర భీమ్ ఎవరు, రామరాజు ఎవరు అని అడగం. పెద్ద బడ్జెట్‌కు పెద్ద హీరో కావాలంటారు. కావచ్చు. కానీ పక్క దేశంలో ఒక పాస్టరుతో పని జరిగింది.

ఇంత తెలిసిన మేం ఏం చేశామో కూడా చెప్పాలి. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అదే.

పోయిన ఆగస్టు 9కి ఆదివాసీ దినోత్సవమని మేమే ఒక పది నిమిషాల కథ తీద్దామనుకున్నాం. గూడెం పిల్ల చదువుకోవడానికి ఊరికొచ్చే కథ. కథ చెల్లిది, ఆమె బతుకే. లీడ్ ఎవరంటే అందరం మా రూములో అక్క పేరు చెప్పాం. అక్క సుగాలీ, మాలో తెల్లనిది ఆమే. ఎందుకంటే ఫోన్ కెమెరా మంచిది కాదు, చెల్లి అయితే ముఖం సరిగా పడదు అన్నాం. వ్యూస్ కూడా వస్తాయి అన్నాం. చెల్లి సరే అని ఫోన్ పట్టుకుంది. రెండు రోజులు తనే తీసింది, తన కథను, అక్క ముఖం మీద.

మాకు తెలియలేదు. నిజంగా తెలియలేదు. తర్వాత 'వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరీన్స్' చూస్తున్నాం. అది కూడా జెజు కథే, 2025లో వచ్చింది. సముద్రంలో మునిగి బతికే తల్లిగా యోమ్ హే రాన్ చేసింది, ఆ ముఖం చూస్తే మన అమ్మల ముఖమే. ఆమె కూతురు చిన్నది, బడిలో క్లాస్ లీడరు ఎన్నికలో ఎక్కువ ఓట్లు ఆమెకే వస్తాయి. టీచరు మాత్రం కలిగినింటి పిల్లోణ్ణి లీడరు చేసి, ఆమెను వైస్ చేస్తాడు. మేం ఆ టీచర్ని నోటికొచ్చినట్టు తిడుతున్నాం. అక్క ఒక్కతే తిట్టడం ఆపింది. చెల్లి వైపు చూసింది. చెల్లి ఫోన్ ఛార్జర్ సర్దుతోంది.

కాలేజీలో మేడం అన్న మాటకూ మేం అన్న మాటకూ ఎంత తేడా? ఆమె లైట్లు అన్నది, మేం కెమెరా అన్నాం.

ఆ వీడియో ఎక్కడా పెట్టలేదు. అక్కే వద్దన్నది. మళ్లీ తీద్దాం, ఈసారి నువ్వే లీడ్ అని చెల్లిని బతిమాలాం. ఆమె ఒప్పుకోలేదు. "మీకు తప్పు చేశామని ఉంది కాబట్టి ఇస్తున్నారు, నాకొద్దు" అన్నది. గట్టి పిల్ల. రెండు రోజుల తర్వాత ఆమే ఒక మాట చెప్పింది. 'అవర్ బ్లూస్'లో ముసలి తల్లిగా చేసిన కిమ్ హే జా గుర్తుందా, 1941లో పుట్టిన ఆమె. 2019లో 'ద లైట్ ఇన్ యువర్ ఐస్' సీరియల్‌కు ఆమే లీడ్. హాన్ జీ మిన్ వయసు పిల్ల ఒక్కసారిగా ముసలిదై లేస్తుంది, ఆ ముసలిది కిమ్ హే జా. డెబ్బై ఏడు, డెబ్బై ఎనిమిదేళ్ల ఆమెను మధ్యలో పెట్టి సీరియల్ నడిపారు, ఆ ఏడాది కొరియాలో పెద్ద అవార్డు ఆమెకే ఇచ్చారు. "మా అవ్వను పెడదాం. నేను తీస్తా" అన్నది చెల్లి.

అట్లా పోయిన నెల గూడెం పోయాం. దోర్నాల దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో, ఆ పైన నడక. అవ్వ ఇంటి ముందు కూర్చుని జిగురులో పుల్లలు ఏరుతోంది, డిపోలో వేయడానికి. విషయం చెప్పాం. అవ్వకు సీరియల్ అంటే తెలుసు, వంటలక్క తెలుసు. కాసేపు మమ్మల్నందర్నీ పైనుంచి కిందికి చూసింది.

"ఆకులు కట్టుకోమంటారా?" అని అడిగింది.

లేదవ్వా అన్నాం.

"అయితే చీర మార్చుకోను. ఇదే. రంగులు పూయొద్దు. తేనె తియ్యమని ఇప్పుడు అడగొద్దు, కాలం కాదు." ఇంకా ఏదో గుర్తుకొచ్చినట్టు ఆగి, మా అక్కను చూపించి, "ఈ తెల్లపిల్లకు కూడా ఏదన్నా పని చెప్పండి పాపం, ఊరికే నిలబడింది" అన్నది.

అక్క ఇప్పుడు గొడుగు పట్టుకుంటోంది. ఎండకు ఫోన్ స్క్రీన్ కనపడటం లేదంటే చెల్లి తల మీద, కెమెరా మీద. మూడు రోజుల పని అయింది, ఇంకా రెండు రోజులది మిగిలింది. అవ్వ ముఖం ఫోన్లో పడదేమో అనుకున్నాం. పొద్దున ఏడు గంటల ఎండలో, ఇంటి గడప దగ్గర కూర్చోబెడితే ఒక్కొక్క గీత కనిపిస్తోంది.