పరదేశమున ఫోను

పరదేశమునకు పోవువారు ఇంటివార్త తెగకుండ ముందుగనే యేర్పాటు చేసికొనవలెను. మేము 4 దినములు సింగపూరులో నున్నప్పుడు మా తల్లిగారు అస్వస్థులై యింటనే యుండిరి. మా ఫోనులో రెండు సిమ్ములకు చోటు కలదు. బయలుదేరకమునుపే ఇంటి సిమ్మునకు అంతర్జాతీయ రోమింగు తెరిపించి, బ్యాంకు ఓటీపీలకై దానిని నిలిపి, దాని డేటాను మాత్రము ఆపితిమి. అచ్చట పాస్‌పోర్టు చూపి మఱియొక సిమ్ము కొని, డేటాకు దానినే వాడితిమి. వాట్సాపు పాత నంబరుతోనే నడచెను.

సింగపూరు కాలము మనకంటె 2½ గంటలు ముందు. అచ్చట రాత్రి 9-30 అగునప్పుడు ఇచ్చట 7 గంటలు. అది అమ్మగారు మందు పుచ్చుకొను వేళ. ప్రతిదినము ఆ వేళకే పిలిచితిమి. విద్యార్థులారా! సొమ్మిచ్చిన డేటా దొరకును; మన పిలుపునకై కాచుకొనియున్నవారికి చెప్పిన వేళ తప్పకుండుట మాత్రము మన చేతిలోనిది.